38 ఏళ్లకి టొరంటోలో ఈసీఈ (పసిపిల్లల టీచరు కోర్సు) చదవడం: ఈ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

తెనాలి_ఎటోబికో

అందరికీ నమస్కారం. రాద్దామా వద్దా అని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఇవాళ పిల్లలు పడుకున్నాక కూర్చున్నాను.

మాది తెనాలి. ఆచార్య నాగార్జున యూనివర్సిటీలో బీఎస్సీ, బీఈడీ చేశాను. గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరేళ్లు 7, 8 తరగతులకి సైన్సు చెప్పాను. 2021లో పీఆర్ (శాశ్వత నివాసం) మీద ఇక్కడికి వచ్చాం. ఏడాదిన్నరగా ఒక డేకేర్‌లో అసిస్టెంటుగా చేస్తున్నాను. మా అమ్మ అంగన్‌వాడీ టీచరు. "సైన్సు టీచరువి, చివరికి నువ్వూ పసిపిల్లల దగ్గరికే వచ్చావా" అని ఫోన్లో అంది. ఆ మాటలో సంతోషమే ఉంది.

మా సూపర్‌వైజర్ డిప్లొమా చేసి ఈసీఈ, అంటే ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేటర్, అవ్వమంటున్నారు. నా టెన్షన్ ఇంగ్లీషు గురించి. పిల్లలతో, వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడగలను. రాయమంటేనే చెయ్యి ఆగిపోతుంది. ఇంట్లో 9 ఏళ్లు, 5 ఏళ్లు ఉన్న పిల్లలున్నారు. మా ఆయనకి షిఫ్టులు. నా బీఈడీ ఇక్కడ దేనికైనా పనికొస్తుందా? పార్క్‌డేల్ వైపు డేకేర్‌లలో టిబెటన్ ఆడవాళ్లు చాలామంది పనిచేస్తున్నారు. వాళ్లలో కొందరు నాకంటే పెద్ద వయసులో ఈసీఈ చదివారని విన్నాను. వాళ్లు ఎలా నెట్టుకొచ్చారో తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి.

---

గోదావరి_గట్టు

ముందు కాగితాల సంగతి చెప్తానండి. ఒంటారియోలో ఈసీఈ అనే పేరు పెట్టుకుని పనిచేయాలంటే కాలేజ్ ఆఫ్ ఎర్లీ చైల్డ్‌హుడ్ ఎడ్యుకేటర్స్‌లో రిజిస్టర్ కావాలి. 2007 నాటి చట్టం అది. పేరులో కాలేజ్ అని ఉంది కానీ అక్కడ చదువు చెప్పరు, అది మన మెడికల్ కౌన్సిల్ లాంటిది. చదువుకోవాల్సింది సెనెకా, జార్జ్ బ్రౌన్, హంబర్, సెంటెన్నియల్ లాంటి చోట్ల. ఫుల్ టైమ్ అయితే రెండేళ్లు.

మీ బీఈడీ పెద్ద క్లాసుల కోసం చేసిన చదువు. దాన్నే ఈసీఈగా ఒప్పుకోవడం కష్టం. కానీ కొన్ని సబ్జెక్టులకి మినహాయింపు దొరకొచ్చు. ట్రాన్స్‌క్రిప్టులు దగ్గర పెట్టుకుని, చేరేముందే కాలేజీని రాతపూర్వకంగా అడగండి. పీఆర్ ఉంది కాబట్టి ఓసాప్‌కి, అంటే ఒంటారియో ప్రభుత్వం విద్యార్థులకి ఇచ్చే ఆర్థిక సాయానికి, అప్లై చేయొచ్చు. లైసెన్స్ ఉన్న డేకేర్‌లో ఇప్పటికే పనిచేస్తున్నారు కాబట్టి క్వాలిఫికేషన్స్ అప్‌గ్రేడ్ ప్రోగ్రామ్ కూడా చూడండి. ఉద్యోగం చేస్తూ డిప్లొమా చదివేవాళ్లకి ఫీజు, పుస్తకాల ఖర్చుకి సాయం చేస్తారు. చాలామందికి దీని సంగతే తెలియదు.

---

బెజవాడ_పార్క్‌డేల్

చెల్లీ, నాకు 51. నేను ఫుల్ టైమ్ చదివి 2017లో ఈసీఈ అయ్యాను, నా కథలో పెద్ద విశేషం లేదు. మీరు అడిగింది టిబెటన్ ఆడవాళ్ల గురించి. ఎనిమిదేళ్లుగా నాతో ఒకే టాడ్లర్ రూములో (నడక నేర్చిన పసిపిల్లల గది) పనిచేస్తున్న ఆవిడ సంగతి చెప్తాను. ఇక్కడ రాస్తానని ఆవిడని అడిగాను, పేరు వద్దు, మిగతాదంతా రాయమంది. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఆవిడ పుట్టింది మైసూరు దగ్గర బైలకుప్పెలో. వాళ్ల అమ్మానాన్నలు 1959లో దలైలామా వచ్చేసిన తర్వాత హిమాలయాలు దాటి వచ్చినవాళ్లు. కొండల్లో రోడ్డు పనుల్లో రాళ్లు కొట్టారు. ఆ తర్వాత బైలకుప్పెకి పంపితే, అడవి నరికి మొక్కజొన్న వేసుకున్నారు. పంట చేతికొచ్చాక చలికాలం అంతా ఖాళీ. అందుకని లూధియానా వెళ్లి, స్వెటర్లు అప్పు మీద తెచ్చి, ఊరూరా అమ్మేవారు. వాళ్ల అమ్మానాన్నలు వచ్చింది ఎక్కడికో తెలుసా, మా బెజవాడకే. చిన్నప్పుడు నేను స్వెటరు కొనుక్కున్న దుకాణాల వరుసలో ఆవిడ తల్లి కూర్చుని ఉండొచ్చు. ఈ ఊరొచ్చి, ఈ వయసులో ఆ సంగతి తెలియడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అమ్మానాన్నలు నాలుగు నెలలు ఊళ్లో ఉండరు కాబట్టి పిల్లలు హాస్టల్లో ఉండేవారు. అక్కడ ఒక్కో ఇంటికి ఒక పెద్దావిడ, అందరికీ ఆవిడే అమ్మ. "అమా-లా" అంటారు. మనం గారు అన్నట్టు వాళ్లు పేరు చివర "లా" పెడతారు. పదకొండేళ్లు వచ్చేసరికి ఒక్కో ఆడపిల్లకి ఇద్దరు చిన్నపిల్లల్ని అప్పగించేవారట. తల దువ్వడం, పేలు చూడడం, రాత్రి పక్క తడిపితే చప్పుడు చేయకుండా దుప్పటి మార్చడం, అన్నీ తనే. "మొదట నేర్చుకున్న పని అదే" అంటుంది. ప్లస్ టూ అయ్యాక సెటిల్‌మెంట్ స్కూల్లో చిన్న తరగతికి క, ఖ, గ, ఙ నేర్పింది. అవునండీ, వాళ్ల అక్షరాలు కూడా మనలాగే క, ఖ, గ, ఙ అనే మొదలవుతాయి, మొత్తం ముప్పై.

2004లో ఆవిడ భర్త ఇక్కడికి వచ్చారు. రెఫ్యూజీ హోదా, తర్వాత పీఆర్, ఆ తర్వాత కుటుంబాన్ని తెచ్చుకోవడం. ఇదంతా అయ్యేసరికి 2009. మూడేళ్లప్పుడు తండ్రిని చూసిన కూతురు ఎనిమిదేళ్లప్పుడు ఎయిర్‌పోర్టులో ఆయన్ని గుర్తుపట్టలేదట. ఆ మాట ఆవిడ నాకు ఒక్కసారే చెప్పింది, నేను మళ్లీ అడగలేదు.

జేమ్సన్ అవెన్యూలో ఒకే బెడ్‌రూమ్ అపార్ట్‌మెంటు, హాల్లో ఇంకో కుటుంబం. సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా డౌన్‌టౌన్ ఆఫీసుల్లో క్లీనింగ్. 2010లో కొడుకు పుట్టాడు. వాడికి ఏడాది దాటాక లింక్ క్లాసులో చేరింది. ప్రభుత్వం కొత్తగా వచ్చినవాళ్లకి ఉచితంగా ఇంగ్లీషు నేర్పే క్లాసులు కదా అవి. ఆ క్లాసు పక్క గదిలోనే తల్లులు చదువుకునేటప్పుడు పిల్లల్ని చూసుకునేవారు. ఈవిడ కొడుకు అక్కడ ఏడుస్తుంటే విరామంలో వెళ్లి ఎత్తుకునేది. ఎత్తుకున్నాక పక్క పిల్లవాడి ముక్కు తుడిచేది, ఇంకోపిల్ల బూటు తొడిగేది. ఒకరోజు అక్కడి టీచరు "నువ్వు ఈ పని ఇంతకుముందు చేశావా?" అని అడిగింది. అక్కడ మొదలైంది.

వాలంటీరుగా కొన్నాళ్లు, ఆ తర్వాత 2012లో ఒక డేకేర్‌లో సప్లై అసిస్టెంటు, అంటే ఎవరైనా రానప్పుడు వాళ్ల బదులు పనిచేయడం. ఆ డేకేర్ పేరు చెప్పను. అక్కడ పిల్లలతో ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడకూడదన్నారు. ఒక టిబెటన్ పసివాడు నిద్రకి మారాం చేస్తుంటే తన భాషలో జోకొట్టిందని అందరి ముందు మందలించారు. ఆ తర్వాత కొన్ని నెలలు ఆ రూములో పెదవి విప్పలేదంది. చేతులతోనే పని చేసిందట. మీ చెయ్యి రాతలో ఆగిపోతుందని రాశారే, అది చదివితే ఈ సంగతే గుర్తొచ్చింది నాకు.

2013లో సాయంత్రం క్లాసులకి చేరింది. చేరడానికే ఆరు నెలలు పట్టింది, కారణం పేరు. టిబెటన్లకి చాలామందికి ఇంటిపేరు ఉండదు. లామాగారు పెట్టిన రెండు పేర్లుంటాయి, రెండూ తన పేర్లే. ప్లస్ టూ సర్టిఫికెట్లో ఒక వరస, కెనడా కాగితాల్లో ఇంకో వరస. పుట్టినతేదీ ఒకచోట జనవరి 1, ఇంకోచోట వేరేది. మన ఇంటిపేరు ఇనీషియల్‌తో మనం పడే బాధ తెలుసుగా, దానికి పదింతలు. అఫిడవిట్ల మీద అఫిడవిట్లు పెట్టి సాధించింది.

ఇక అసలు సంగతి, రాయడం. ఈ చదువులో సగం పని పిల్లల్ని చూసి రాయడమే. అబ్జర్వేషన్ అంటారు. ఆవిడ మొదటి అబ్జర్వేషన్‌లో "ఇతను చాలా అల్లరి పిల్లవాడు, మాట వినడు" అని రాస్తే ఎర్ర గీతతో తిరిగి వచ్చింది. పక్కన టీచరు ఒకటే రాశారట: నువ్వేం చూశావు? ఆవిడ మళ్లీ వెళ్లి కూర్చుంది. ఈసారి ఇలా రాసింది: "తలుపు దగ్గర ఎడమ కాలి బూటు పట్టుకుని నాలుగు నిమిషాలు నిలబడ్డాడు. నాన్న కారు శబ్దం లాంటిది వినిపించినప్పుడల్లా కిటికీ వైపు చూశాడు. నేను దగ్గరికి వెళ్తే బూటు విసిరాడు." చిన్న చిన్న వాక్యాలు. పెద్ద ఇంగ్లీషు ఏమీ లేదు. దానికి మంచి మార్కులు వచ్చాయి.

చెల్లీ, మీకు నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. వాళ్లకి కావాల్సింది అలంకారాల ఇంగ్లీషు కాదు. కళ్లు కావాలి. మీరు ఆరేళ్లు సైన్సు చెప్పారు, ల్యాబ్ రికార్డులో "ద్రావణం నీలం రంగుకి మారింది" అని పిల్లల చేత రాయించినవారు. చూసింది చూసినట్టు రాయడం మీకు ఎప్పుడో వచ్చు. మీ చేతికి అది తెలియాలి అంతే.

చరిత్ర పేపరు సంగతి కూడా చెప్పాలి. శిశు విద్యకి బాటలు వేసినవాళ్ల గురించి రాయమంటే క్లాసంతా ఫ్రోబెల్, మాంటిసోరి అని రాశారు. ఈవిడ ధర్మశాల గురించి రాసింది. 1960 మే 17న జమ్మూ వైపు రోడ్డు క్యాంపుల నుంచి 51 మంది పిల్లలు అక్కడికి వచ్చారు. జబ్బుతో, ఆకలితో ఎముకలు తేలి ఉన్నారు. దలైలామా అక్క సెరింగ్ డోల్మా వాళ్లని చూసుకుంటానని ముందుకొచ్చారు. 1964లో ఆవిడ పోయాక చెల్లెలు జెట్సున్ పెమా ఆ బాధ్యత తీసుకున్నారు. ఆ పసిపిల్లల నర్సరీయే తర్వాత టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్ అయింది. బతికించడం, చదివించడం వేరు వేరు పనులు కావని ఆ పేపర్లో రాసింది. దాని కాపీ నాకు చూపించింది. అక్కడక్కడా వ్యాకరణం తప్పులున్నాయి. నేను మాత్రం అది రెండుసార్లు చదివాను.

చదువు మధ్యలో, 2014లో, ఒంటారియో ప్రభుత్వం కొత్త మార్గదర్శకం తెచ్చింది, "హౌ డజ్ లెర్నింగ్ హాపెన్?" అని. మీరూ చదవాల్సి వస్తుంది. అందులో నాలుగు పునాదుల్లో మొదటిది బిలాంగింగ్, అంటే బిడ్డకి "ఇది నా చోటు" అనిపించడం. ఇంటి భాషకి చోటివ్వాలని అందులో ఉంది. తనని ఏ పనికి మందలించారో అదే సరైన పని అని పుస్తకంలో కనిపించిన రోజు బస్సులో ఏడ్చేశానంది.

2018లో రిజిస్టర్ అయింది. మొదలుపెట్టాక ఐదేళ్లు. అప్పటికి ఆవిడకి 42.

ఒక్క సంగతి చెప్పి ఆపుతాను. ఆవిడకి తెలుగు వచ్చని నాకు మొదట తెలియదు. 2019లో మా రూముకి ఒక తెలుగు బాబు వచ్చాడు, ఇరవై నెలలు. తల్లి వెళ్లగానే గుక్కపట్టి ఏడుపు. నేను ఆరోజు సెలవు. మర్నాడు వచ్చేసరికి ఆవిడ నేల మీద కూర్చుని, చేతులు చాచి, "దా నాన్నా, దా, పాలు తాగుతావా" అంటోంది. ఉచ్చారణ అచ్చం మా కృష్ణలంక యాసలో. నాకు ఒళ్లు ఝల్లుమంది. చిన్నప్పుడు అమ్మానాన్నల వెంట వచ్చినప్పుడు స్వెటర్ల దుకాణం పక్కన టీకొట్టు అమ్మ తనని అలాగే పిలిచేదట. ఆ పిలుపు ఎవరో తెలియని ఆ తల్లి దగ్గర నుంచి ఈ బాబు దాకా వచ్చింది. వాడు పాలు తాగాడు.

---

మిస్సిసాగా_అమ్మ

పైన రాసింది చదివి కళ్లు చెమర్చాయి. అయినా రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదండీ. నేను ఆరేళ్లు ఈసీఈగా చేశాను.

ఒళ్లు అరిగిపోయే పని ఇది. టాడ్లర్ రూములో ఐదుగురికి ఒక టీచరు. జనవరిలో పదిహేను మందికి స్నో ప్యాంట్లు, బూట్లు, గ్లోవ్స్ తొడిగి బయటికి తీసుకెళ్లి, తిరిగి తెచ్చి విప్పడం. చివరి పిల్లకి తొడిగేసరికి మొదటి పిల్లవాడికి డైపరు మార్చాలి. మొదటి చలికాలం నేను జ్వరం లేకుండా గడిపిన నెల లేదు. నడుము నొప్పి ఇప్పటికీ ఉంది.

జీతం విషయం. ఒంటారియోలో రిజిస్టర్ అయిన ఈసీఈకి, డేకేర్ ఫీజులు తగ్గించే ప్రభుత్వ పథకం ఫండింగ్ తీసుకునే సెంటర్లలో 2024లో కనీసం గంటకి 23.86 డాలర్లు పెట్టారు. ఇదివరకటి కంటే నయం. టొరంటో అద్దెలకి అది చాలదు. నేను తర్వాత స్కూల్ బోర్డుకి మారాను. ఇక్కడ కిండర్‌గార్టెన్ క్లాసులో టీచరుతో పాటు ఈసీఈ కూడా ఉంటారు. సెలవులు, పెన్షన్ మెరుగ్గా ఉన్నాయి. అసిస్టెంటుగానే ఉండిపోతే ఈ దారి దొరకదు. అందుకే డిప్లొమా చేయమనే నేనూ అంటాను, కళ్లు తెరుచుకుని చేయండి.

---

తెనాలి_ఎటోబికో

అందరికీ చాలా చాలా థాంక్స్. బెజవాడ అక్కా, మీరు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. అమ్మకి కూడా ఫోన్లో చదివాను. "నువ్వేం చూశావు" దగ్గర అమ్మ ఆపి మళ్లీ చదవమంది.

ఒక్కటి అడగాలి. ప్లేస్‌మెంట్లు (కోర్సులో భాగంగా డేకేర్‌లో చేసే ప్రాక్టికల్ పని) పగలే చేయాలి, జీతం ఉండదు అంటున్నారు. ఉద్యోగం వదలకుండా ఆవిడ అది ఎలా చేసింది? నాకు అక్కడే భయం.

---

బెజవాడ_పార్క్‌డేల్

ఈరోజు పిల్లలు పడుకున్న టైములో ఆవిడనే అడిగాను చెల్లీ. మొదటి ప్లేస్‌మెంటుకి డేకేర్‌లో జీతం లేని సెలవు పెట్టి, మళ్లీ రాత్రి క్లీనింగ్‌కి వెళ్లిందట, ఏడు వారాలు. పగలు పిల్లలు, రాత్రి ఆఫీసులు. కొడుకుని పక్క ఫ్లాట్ టిబెటన్ బామ్మ చూసుకుంది, డబ్బులు తీసుకోలేదు, బదులుగా ఈవిడే ఆదివారం మోమోలు చేసి తీసుకెళ్లి ఇచ్చేది. రెండోసారి మాత్రం కాలేజీతో మాట్లాడి, పనిచేసే చోటే వేరే రూములో వేరే టీచరు కింద చేయడానికి ఒప్పించుకుంది. అందరికీ ఒప్పుకోరు. అడిగితేనే తెలుస్తుంది. మీరు చేరేముందే మీ సూపర్‌వైజర్ని, కాలేజీని ఇద్దర్నీ అడగండి. మొదటిదానిలా చేయొద్దని ఆవిడే చెప్పమంది, ఆ ఏడు వారాలు కూతురితో సరిగా మాట్లాడలేదన్న బాధ ఇంకా పోలేదట.

మీ పోస్టు మొత్తం ఇంగ్లీషులో చెప్పాను. ఏ యూనివర్సిటీ అని అడిగింది. నాగార్జున యూనివర్సిటీ అన్నాను. "ఎవరి పేరు?" అని మళ్లీ అడిగింది. ఆచార్య నాగార్జున అన్నాను. గబుక్కున రెండు చేతులూ జోడించి నుదుటికి ఆనించుకుంది. వాళ్లకి ఆయన ఎంత పెద్ద గురువో నాకు అప్పటిదాకా సరిగ్గా తెలియదు. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర అనే బౌద్ధ దీక్షా కార్యక్రమం జరిపినప్పుడు బైలకుప్పె నుంచి అమ్మానాన్నలతో వచ్చిందట, కూతుర్ని చంకనేసుకుని. ఆ స్తూపం దగ్గర్నుంచి మట్టి చిటికెడు తెచ్చుకుని ఇక్కడ పూజగదిలో పెట్టుకుంది. ఆ పేరున్న కాగితం మీద చదువుకున్న అమ్మాయి భయపడడమేంటి అంది.

తన పాత పుస్తకాలు, నోట్సు అన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది పెట్టింది. ఎర్ర గీతల అబ్జర్వేషన్ కాగితాలు కూడా అందులోనే ఉన్నాయి, మీరు చూడాలని పారేయకుండా ఉంచింది. శనివారం మధ్యాహ్నం ఇద్దరం ఖాళీ. క్వీన్ స్ట్రీట్ వైపు రాగలరా? మీ నంబరు నాకు మెసేజ్‌లో పంపండి. పిల్లల్ని కూడా తీసుకురండి.